పిలిచినప్పుడు పలకని మూడో మనిషి

(తెనాలిలో వర్తకులు, రిటైరైన ఉద్యోగులు కలిసి పెట్టుకున్న ఒక సాయంకాలం సమావేశంలో ఓ సీనియర్ న్యాయవాది ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక కుర్చీల్లో వాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. సరే, మంచిది.

పొద్దున పదిన్నరకు జడ్జిగారు బెంచి ఎక్కగానే మా కోర్టుల్లో మొదట జరిగేది పిలుపులు. లోపల గుమాస్తా కేసు నంబరు చదువుతారు. వాకిట్లో నిలబడ్డ అటెండరు పేరు పట్టుకుని మూడుసార్లు పిలుస్తాడు. ఆ పేరు గలాయన ఎదురుగా టీకొట్టులోనే ఉండొచ్చు, దుగ్గిరాలలో కొట్లో కూర్చుని ఉండొచ్చు, ఇంట్లో కునుకు తీస్తూ ఉండొచ్చు. మూడో పిలుపుకీ పలక్కపోతే కాగితం మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు పడతాయి: 'కాల్డ్ అబ్సెంట్. సెట్ ఎక్స్‌పార్టే.' అంటే పిలిస్తే రాలేదు, ఇక ఆయన లేకుండానే విచారణ అని. రాయడానికి నిమిషం పట్టదు. వాటిని చెరిపించుకోవడానికి మూడేళ్లు తిరిగినవాళ్లను చూశాను. చెరిపించుకోలేక డబ్బు కట్టినవాళ్లను అంతకంటే ఎక్కువమందిని చూశాను.

మా నాన్నగారు ప్లీడరు గుమాస్తా. నలభై ఏళ్లు ఇదే కోర్టు మెట్ల మీద గడిపారు. ఆయన ఓ మాట అంటుండేవారు: "అప్పు చేసినవాడు ఎలాగోలా కోర్టుకొచ్చి వాయిదా అడుగుతాడురా. అప్పు చెయ్యనివాడే, నాకేం సంబంధం అని ఇంట్లో కూర్చుంటాడు." నేను ప్రాక్టీసులోకి వచ్చిన కొత్తలో అది పెద్దాయన చమత్కారం అనుకున్నాను. ఇవాళ మీతో మాట్లాడబోయేది మొత్తం ఆ ఒక్క మాట గురించే.

అప్పు దావాలో వాది ఉంటాడు, ప్రతివాది ఉంటాడు. వాళ్లిద్దరి సంగతి వాళ్లకు తెలుసు. కానీ పక్కనుంచి కోర్టు కాగితం అందుకునే మూడో మనిషి ఒకడుంటాడు. ఆయన ఒక్క రూపాయి తీసుకోలేదు, ఏ నోటూ రాసివ్వలేదు. చివరికి కట్టేది మాత్రం ఆయనే అవుతాడు, అదీ నోరు తెరవనందుకు.

ఒక పసుపు వ్యాపారి సంగతి చెబుతాను. పేర్లు వద్దు. దుగ్గిరాల యార్డు పక్కన కొట్టు ఆయనది. మంచి మనిషి, మాట మీద నిలబడే మనిషి. ఆయన దగ్గరకు సరుకు తెచ్చే ఇంకో చిన్న వ్యాపారి ఉన్నాడు. ఆ చిన్న వ్యాపారి ఎక్కడో ప్రోనోటు మీద అప్పు చేసి తీర్చలేదు. అప్పిచ్చినాయన దావా వేశాడు, డిక్రీ వచ్చింది, అంటే బాకీ కట్టమని కోర్టు తీర్పు, ఖర్చులూ వడ్డీ కలిపి 3 లక్షల 10 వేలు. డిక్రీ అమలుకు ఈ.పీ., అంటే ఎగ్జిక్యూషన్ పిటిషను, వేసేటప్పుడు మా వకీళ్లు మొదట వెతికేది, ఈ బాకీదారుకు ఎవరైనా డబ్బు ఇవ్వాల్సి ఉందా అని. ఉంది. మన పసుపు వ్యాపారి సరుకు తీసుకుని 2 లక్షల 40 వేలు ఇంకా ఇవ్వలేదు.

దాంతో కోర్టు నుంచి ఈయనకు నోటీసు వచ్చింది. "నువ్వు ఫలానా ఆయనకు బాకీ ఉన్నావట. ఆ సొమ్ము ఆయనకు ఇవ్వొద్దు, కోర్టులో కట్టు. కట్టనంటే ఎందుకు కట్టవో వచ్చి చెప్పు." నోటీసు సారాంశం అంతే. దీన్ని గార్నిషీ నోటీసు అంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 21, రూల్ 46-ఎ నుంచి 46-ఐ దాకా ఉన్నది దీని గురించే. 1976 సవరణతో కోడ్‌లోకి వచ్చి 1977 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది.

గార్నిషీ అనే మాట వినగానే మా జూనియర్లు నవ్వుతారు, బిర్యానీ మీద కొత్తిమీర చల్లి గార్నిష్ చెయ్యడం గుర్తొచ్చి. (నవ్వులు) నిజానికి రెండూ ఒకే పాత ఫ్రెంచి మాటలోంచి పుట్టాయి. ఆ మాటకు సిద్ధం చెయ్యడం అనే అర్థం ఉంది, హెచ్చరించడం అనే అర్థమూ ఉంది. వంటవాళ్లు మొదటిది తీసుకున్నారు, కోర్టులు రెండోది. గార్నిషీ అంటే 'హెచ్చరిక అందుకున్నవాడు'.

మన పెద్దమనిషి ఆ హెచ్చరిక అందుకుని ఏం చేశాడు? సరుకు తెచ్చే చిన్న వ్యాపారికి ఫోన్ చేశాడు. "ఏంటయ్యా ఇది, నా పేరు కోర్టుకెక్కించావు?" అవతలి ఆయన, "అది నా గొడవ బాబాయ్, నేను చూసుకుంటా, మీరు పట్టించుకోకండి" అన్నాడు. ఈయన పట్టించుకోలేదు. నోటీసు క్యాలెండరు వెనక మేకుకు తగిలించాడు. నెల తిరక్కుండా ఆ చిన్న వ్యాపారి కూతురి పెళ్లి వచ్చింది. పెళ్లి పనికి డబ్బు అవసరం కదా అని 2 లక్షల 40 వేలు చేతిలో పెట్టాడు. ధర్మం ప్రకారం చూస్తే తప్పేముంది చెప్పండి? ఇవ్వాల్సిన డబ్బు, ఇవ్వాల్సినవాడికి, అవసరానికి ఇచ్చాడు.

కోర్టులో మాత్రం ఆ రోజు మూడు పిలుపులూ అయిపోయాయి. రూల్ 46-బి చెప్పేదేంటంటే, గార్నిషీ డబ్బు కట్టకుండా, వచ్చి కారణమూ చెప్పకుండా ఉంటే, కట్టమని కోర్టు అతని మీదే ఆర్డరు వెయ్యొచ్చు. ఆ ఆర్డరును అతని మీద వచ్చిన డిక్రీలాగే అమలు చెయ్యొచ్చు. దావాలో ప్రతివాది కూడా కాని మనిషి ఒక్క పూట రానందుకు జడ్జిమెంట్ డెటార్ పక్కన, అంటే డిక్రీ పడ్డ బాకీదారు పక్కన, చేరిపోయాడు. కొట్లో సరుకు జప్తుకు కోర్టు ఉద్యోగి అమీనా వచ్చినప్పుడు ఆయనకు విషయం అర్థమైంది. "ఆ డబ్బు ఎప్పుడో ఇచ్చేశానండీ" అని నా దగ్గరకు వచ్చాడు. "ఇచ్చినప్పుడు నోటీసు అందిందా?" అని అడిగాను. అందింది. ఇక నేనేం చెప్పను? నోటీసు అందాక ఇచ్చిన సొమ్ము కోర్టు లెక్కలోకి రాదు. రెండోసారి కట్టాడు. చిన్న వ్యాపారి దగ్గర తన డబ్బు రాబట్టుకోవడానికి ఇప్పుడు తను వేరే దావా వెయ్యాలి. పెళ్లి భోజనం తిని వచ్చినవాడి మీద దావా వెయ్యలేక ఆ సంగతి వదిలేశాడు.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. ఆయన చెయ్యాల్సిన పని చాలా చిన్నది. ఒక పేజీ అఫిడవిట్. 'నేను ఇంత బాకీ ఉన్నాను, ఇదిగో కడుతున్నాను' అని. కోర్టులో కట్టేస్తే తన బాకీ తీరినట్టే, చిన్న వ్యాపారి తర్వాత వచ్చి అడగడానికి ఏమీ ఉండదు, రూల్ 46-ఎఫ్ ఆ రక్షణ ఇస్తుంది. ఒకవేళ బాకీ లేకపోతే, 'లేదు, సరుకు నాసిగా వచ్చింది, లెక్క తేలలేదు' అని చెబితే, 46-సి కింద కోర్టు ఆ గొడవను దావాలో తేల్చాల్సిన అంశం, అంటే ఇష్యూలాగే విచారిస్తుంది. 'ఆ డబ్బు నిజానికి వాళ్ల తమ్ముడికి రావాల్సింది' అంటే 46-డి కింద ఆ తమ్ముణ్ణి పిలుస్తుంది. నోరు తెరిచేవాడికి ఇన్ని దారులున్నాయి. తెరవనివాడికి 46-బి ఒక్కటే.

ఇంకో చేదు సంగతి చెప్పాలి. అసలు బాకీదారు మీద ఎక్స్‌పార్టే డిక్రీ వస్తే, ఆలస్యంగా వచ్చినా గడువుల సంగతి చెప్పే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. కానీ డిక్రీ అమలు దశలో గార్నిషీ మీద వచ్చిన ఎక్స్‌పార్టే ఆర్డరు రద్దు చేయించుకోవాలంటే ఆర్డర్ 21 రూల్ 106 కింద వెళ్లాలి, గడువు 30 రోజులు. ఆర్డర్ 21 దరఖాస్తులకు తను వర్తించనని సెక్షన్ 5 తనలోనే రాసుకుంది. 2005లో దామోదరన్ పిళ్లై కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కొన్ని హైకోర్టులు తమ రూల్సులో సడలింపులు పెట్టుకున్నాయి, వాటి మీద మళ్లీ వాదోపవాదాలున్నాయి, వాటిని నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి. నోటీసే అందకపోతే తెలిసిన రోజు నుంచి 30 రోజులు లెక్క. ఆర్డరు మీద అప్పీలుకూ వెళ్లొచ్చు. కానీ చూడండి విచిత్రం, అప్పు ఎగ్గొట్టినవాడికి ఉన్నంత వెసులుబాటు సంబంధం లేనివాడికి లేదు.

(ఒకరు: బ్యాంకులక్కూడా ఇలాగే వస్తాయాండీ?) వస్తాయండి, రోజూ వస్తాయి. మీ ఖాతాలో ఉన్న డబ్బు బ్యాంకు మీకు ఇవ్వాల్సిన బాకీయే కదా. కాకపోతే వాళ్లకు లా ఆఫీసరు ఉంటాడు, నోటీసు రాగానే జవాబు పడిపోతుంది. క్యాలెండరు వెనక మేకు ఉన్నవాళ్లతోనే చిక్కంతా.

ఇప్పుడు ఇంకో మూడో మనిషి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగంమంది జీవితంలో ఒక్కసారైనా షూరిటీ సంతకం పెట్టే ఉంటారు. చేతులెత్తమని అడగను లెండి.

ఓ లెక్కల మాస్టారు, ప్రైవేటు కాలేజీలో పనిచేసేవారు. తోటి లెక్చరరు ఒక ఫైనాన్సులో అప్పు తీసుకుంటే షూరిటీ పెట్టారు. ఆ తోటి లెక్చరరు రెండేళ్లు కట్టి ఆపేశాడు. దావా పడింది. మొదటి ప్రతివాది అప్పు తీసుకున్నాయన, రెండో ప్రతివాది మన మాస్టారు. సమన్లు ఇద్దరికీ అందాయి. మాస్టారు భయపడిపోయి వెళ్లి అడిగితే, "మాస్టారూ, నేను వకీలును పెట్టాను, కాంప్రమైజ్ నడుస్తోంది, మీరు సెలవు పెట్టుకుని రావడం ఎందుకు?" అన్నాడు. మాస్టారు నమ్మారు. వకాలత్, అంటే వకీలుకు రాసిచ్చే అధికారపత్రం, మనిషికి మనిషికీ వేరని, ఆయన వకీలు ఈయన తరఫున నోరెత్తలేడని మాస్టారికి ఎవరూ చెప్పలేదు. మొదటి ప్రతివాది కూడా నాలుగు వాయిదాలు తిరిగి మాయమయ్యాడు. ఇద్దరి మీదా డిక్రీ.

షూరిటీ పెట్టినవాళ్లంతా ఒక భ్రమలో ఉంటారు. ముందు అప్పు తీసుకున్నవాణ్ణి అడుగుతారు, వాడి ఆస్తులన్నీ అమ్ముతారు, చాలకపోతే అప్పుడు మన దగ్గరకొస్తారు అని. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 అలా అనదు. బాండులో వేరే మాట రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో షూరిటీ బాధ్యత అంత. బ్యాంక్ ఆఫ్ బీహార్ వర్సెస్ దామోదర్ ప్రసాద్ అని 1969 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అసలు బాకీదారు దగ్గర ముందు ప్రయత్నించాకే షూరిటీ జోలికెళ్లమని కింది కోర్టు షరతు పెడితే, ఆ షరతు చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పిచ్చినవాడు ముందు ఎవరిని పట్టుకుంటాడు? పారిపోయినవాణ్ణా, నెలనెలా ఒకటో తారీకున జీతం పడేవాణ్ణా? మాస్టారి పే స్లిప్పు షూరిటీ బాండుకు జతచేసి ఉంది కదండీ, అడ్రసు వెతుక్కునే పని కూడా లేదు.

తర్వాత ఫైలు నా దగ్గరకొచ్చినప్పుడు తీరిగ్గా చదివాను. మధ్యలో ఆ ఫైనాన్సువాళ్లు, అప్పు తీసుకున్నాయన ఇద్దరే కూర్చుని వడ్డీ రేటు పెంచి, గడువు పొడిగించుకుని కొత్త ఒప్పందం రాసుకున్నారు. మాస్టారి సంతకం లేదు, ఆయనకు తెలియనే తెలియదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 133, 135 చూస్తే, షూరిటీకి చెప్పకుండా షరతులు మార్చినా, గడువు ఇస్తూ ఒప్పందం చేసుకున్నా షూరిటీ బయటపడే దారి ఉంది. ఆ హక్కులన్నీ ముందే వదులుకున్నట్టు బాండులోనే అచ్చు వేసే అలవాటు కూడా ఉందిలెండి, అది వేరే గొడవ. మాస్టారి బాండులో ఆ మాట లేదు. మంచి డిఫెన్సు, బహుశా గెలిచే డిఫెన్సు. కానీ కోర్టులో ఆ మాట ఎవరు చెప్పాలి? జడ్జిగారి ముందున్నది ప్లెయింటు అనే వాది దావా కాగితం, ఒక బాండు, ఖాళీ కుర్చీ. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8 చదివితే సగం కాదు, పూర్తి అంగీకారం కిందే తీసుకోవచ్చని ఉంది.

ఇక్కడ జడ్జీల గురించి కూడా ఒక మాట అనాలి, బయట నా పేరు చెప్పకండి. ప్రతివాది రాలేదు కాబట్టి డిక్రీ దానంతటది వచ్చి తీరాలని చట్టంలో లేదు. బల్‌రాజ్ తనేజా కేసులో 1999లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: జవాబు దాఖలు కాకపోయినా ప్లెయింటు చదివి, వాది కేసు నిలబడుతుందో లేదో చూసి, అవసరమైతే రుజువు అడిగి, కారణాలు రాసి మరీ తీర్పు ఇవ్వాలని. రోజుకు ఎనభై, తొంభై కేసులు పిలిచే చోట ఎక్స్‌పార్టే దావాకు ఎంత సమయం దొరుకుతుంది? వాది తన సాక్ష్యం ఛీఫ్ అఫిడవిట్‌గా రాసి వేస్తాడు, కాగితాలకు ఎగ్జిబిట్ నంబర్లు పడతాయి, సాయంత్రానికి డిక్రీ. కాగితాల్లో ఉన్న లొసుగు వెతికే పని ప్రతివాదిది, ప్రతివాదేమో ఇంట్లో ఉన్నాడు.

మాస్టారికి డిక్రీ సంగతి తెలిసింది ఏడు నెలల తర్వాత, కాలేజీ కరస్పాండెంటు పిలిచి జీతం అటాచ్‌మెంట్ ఆర్డరు చూపిస్తే. లెక్కల మాస్టారు కాబట్టి లెక్క చెబుతాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. ఆయన లెక్కకొచ్చే జీతం 46,000. వెయ్యి తీస్తే 45,000. అందులో రెండు వంతులు 30,000. అంటే 31,000 ఆయనకు, నెలకు 15,000 కోర్టుకు. ఒకే డిక్రీ కింద ఇలా మొత్తం 24 నెలల వరకే పట్టగలరు, ఆ తర్వాత ఆ డిక్రీకి ఆ జీతం మళ్లీ దొరకదు. 24 నెలలంటే 3 లక్షల 60 వేలు. భరణం డిక్రీలకు లెక్క వేరు. పీఎఫ్ జోలికి రాకూడదు. ప్రభుత్వ పింఛనూ గ్రాట్యుటీ కూడా అంతే, ఇక్కడున్న పెద్దలు ఊపిరి పీల్చుకోవచ్చు. (నవ్వులు)

ఈ కథలో ఇంకో మూడో మనిషి దూరాడు చూడండి, కరస్పాండెంటు. ఆయన మాస్టారి మీద జాలిపడ్డాడు. "ఈ నెలకు పూర్తి జీతం ఇచ్చేస్తాను, మీరు చూసుకోండి" అన్నాడు. నేను పరుగున వెళ్లి ఆపాను. ప్రైవేటు ఉద్యోగి జీతం అటాచ్ చేస్తూ ఆర్డర్ 21 రూల్ 48-ఎ కింద ఆర్డరు వచ్చాక, దాన్ని కాదని ఇచ్చిన ప్రతి రూపాయికీ యజమాని తన జేబులోంచి బాధ్యుడు. స్నేహితుడి అప్పుకు మాస్టారు, మాస్టారి జీతానికి కరస్పాండెంటు. జాలి అంటువ్యాధి అండీ.

ఆర్డర్ 9 రూల్ 13 కింద డిక్రీ రద్దు కోరుతూ పిటిషను వేశాం. డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లో వెయ్యాలి, ఏడు నెలలైంది కాబట్టి ఆలస్యానికి ఇంకో పిటిషను. రద్దుకు చట్టం చూసే కారణాలు రెండే: సమన్లు సక్రమంగా అందలేదు, లేదా రాలేకపోవడానికి తగిన కారణం ఉంది. మామూలుగా అయితే ఇక్కడ సాకుగా పచ్చకామెర్లు వస్తాయి. మన జిల్లా అఫిడవిట్లలో ఉన్నన్ని పచ్చకామెర్లు ఏ ఆసుపత్రి రికార్డులోనూ ఉండవు. (నవ్వులు) నేను జరిగింది జరిగినట్టే రాయించాను: స్నేహితుడి మాట నమ్మాను, అతని వకీలే నా తరఫునా ఉన్నాడనుకున్నాను అని. జడ్జిగారు దావా మొత్తంలో సగం డిపాజిట్ చెయ్యమన్న షరతు మీద రద్దు చేశారు. షరతులు పెట్టే అధికారం ఆ రూల్లోనే ఉంది. మాస్టారి భార్య గాజులు తాకట్టుకెళ్లాయి, ఫైలు మళ్లీ తెరుచుకుంది. రెండేళ్ల తర్వాత కొంత తగ్గించుకుని రాజీ పడ్డారు. ఆయన కట్టినంత మేరకు స్నేహితుడి మీద దావా వేసే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 145 ఇస్తుంది, ఇంకో షూరిటీ ఉండుంటే అతని దగ్గర సమభాగం అడిగే హక్కు సెక్షన్ 146 ఇస్తుంది. స్నేహితుడు ఏ ఊళ్లో ఉన్నాడో మాత్రం ఏ సెక్షనూ చెప్పదు.

మొదట్లోనే, అంటే డిక్రీ రాకముందు, ఎక్స్‌పార్టే అని రాసిన మర్నాడు వచ్చినా ఎంతో తేలిక. ఆర్డర్ 9 రూల్ 7 కింద కారణం చెప్పి ఆ ఆర్డరు తీయించుకోవచ్చు. తీయకపోయినా విచారణలో ఆ దశ నుంచి పాల్గొనొచ్చని సంగ్రామ్ సింగ్ కేసులో 1955లోనే సుప్రీంకోర్టు చెప్పింది, వాది సాక్షిని అడ్డుప్రశ్నలు వెయ్యొచ్చు. ఒకసారి ఎక్స్‌పార్టే అయ్యాక కోర్టు గడప తొక్కకూడదని చాలామంది అనుకుంటారు. అపోహ.

అపోహలంటే గుర్తొచ్చింది, సమన్ల సంగతి. మన దగ్గర ఓ గట్టి నమ్మకం ఉంది, కాగితం మీద సంతకం పెట్టకపోతే కేసు నిలబడదని. అమీనా వీధి మొదట్లో కనబడగానే వెనక తలుపులోంచి వెళ్లిపోతారు. పోస్టుమాన్‌తో 'డోర్ లాక్డ్' రాయిస్తారు. తీసుకోనంటే చట్టం మీ ఇంటి తలుపుకు అంటించి వెళ్లమంటుంది. రిజిస్టరు పోస్టు 'తీసుకోవడానికి నిరాకరించారు' అని తిరిగొస్తే అందినట్టే ప్రకటిస్తుంది. మీరు లేనప్పుడు, ఇప్పట్లో దొరికేలా లేనప్పుడు, ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్లెవరికిచ్చినా, భార్యకిచ్చినా అందినట్టే. ఇంట్లో పనిమనిషికిస్తే మాత్రం అందినట్టు కాదు, అది రూల్లోనే రాశారు. దేనికీ దొరక్కపోతే మీరు ఆఖరున ఉన్న ఊళ్లో నడిచే పేపర్లో ప్రకటన. జిల్లా ఎడిషన్లో, నిర్యాణం ప్రకటనల పక్కన, భూతద్దం పెట్టుకుంటే కనబడే అక్షరాల్లో. పేపరు ప్రకటన ద్వారా అయితే, డిక్రీ రద్దుకు 30 రోజుల గడువు డిక్రీ తెలిసిన రోజు నుంచే లెక్కేస్తారు, ఆ ఒక్క మేలు ఉంది.

దాక్కున్నవాడికి ఏం మిగులుతుందంటే, 'సమన్లు అందలేదు' అనే వాదన కూడా పోతుంది. తీసుకున్నవాడికి రాతపూర్వక జవాబుకు 30 రోజులు, కోర్టు ఇష్టపడితే 90 దాకా ఉంటాయి.

వారసుల గురించి రెండు మాటలు. భర్త పోయి పదోరోజు కాకముందే ఇంటికి కోర్టు కాగితం వచ్చిన ఆడవాళ్లు నా దగ్గరకొచ్చి ఏడుస్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 50 ప్రకారం చనిపోయినవారి ఆస్తి మీ చేతికి ఎంత వచ్చిందో అంతవరకే మీ బాధ్యత. మీ సొంత సంపాదన, మీ పుట్టింటి బంగారం అందులోకి రావు. తండ్రి అప్పు కొడుకు తీర్చడం ధర్మం అనే పాత హిందూ న్యాయసూత్రాన్ని, 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పుల విషయంలో చట్టమే తీసేసింది. కానీ ఇవన్నీ వచ్చి చెప్పుకోవాలి. రాకపోతే డిక్రీలో ఆ పరిమితి మాట పడకపోవచ్చు, తర్వాత జప్తుకొచ్చినవాడితో గుమ్మంలో వాదించాల్సి వస్తుంది. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చెయ్యకూడదని సెక్షన్ 56 ఉంది, ఆ భయం పెట్టుకోకండి. మగవాళ్లనైనా చేతిలో ఉండి ఎగ్గొడితేనే జైలు, లేనివాణ్ణి పేదరికానికి జైల్లో పెట్టకూడదని జాలీ జార్జ్ వర్గీస్ కేసులో 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకరు: మా అబ్బాయి దుబాయిలో ఉంటాడు. అక్కడ ఫ్రెండుకు షూరిటీ పెట్టాడు. అక్కడి కోర్టు తీర్పు ఇక్కడ చెల్లుతుందా?)

మంచి ప్రశ్న. ఇదివరకు అంత తేలిగ్గా చెల్లేది కాదు. 2020 జనవరిలో కేంద్రం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44-ఎ కింద గుర్తించింది. ఇప్పుడు అక్కడి డిక్రీ నకలు తెచ్చి ఇక్కడ జిల్లా కోర్టులో నేరుగా అమలుకు వెయ్యొచ్చు. బ్రిటన్, సింగపూర్ డిక్రీలకు ఇది ఎప్పట్నుంచో ఉంది. అమెరికాకు లేదు, అక్కడి తీర్పు పట్టుకొస్తే ఇక్కడ దాని మీద మళ్లీ దావా వెయ్యాలి. అయితే మీవాడు హాజరు కాకుండానే వచ్చిన తీర్పు అయితే, సాక్ష్యం చూడకుండా, కేసు లోతుల్లోకి వెళ్లకుండా ఇచ్చిందైతే, సెక్షన్ 13 కింద ఇక్కడ అడ్డం తిరగొచ్చు. 2001లో ఇంటర్నేషనల్ వూలెన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక ఇంగ్లండు ఎక్స్‌పార్టే డిక్రీని ఆ కారణం మీదే ఇక్కడ అమలు కానివ్వలేదు. అలాగని మీవాడికి అక్కడ నోటీసొస్తే ఊరుకోమని చెప్పకండి.

(ఇంకొకరు: చిట్టీలకు షూరిటీ పెడితే?)

చిట్‌ఫండ్స్ చట్టం, 1982. సెక్షన్ 64 కింద ఆ తగువులు సివిల్ కోర్టుకు రావు, చిట్స్ రిజిస్ట్రారు దగ్గరకెళతాయి. అక్కడ కూడా నోటీసొస్తుంది, అక్కడ కూడా వెళ్లకపోతే ఇదే కథ. కోర్టు కాదు కదా, ఆఫీసే కదా అని ఇంకా తేలిగ్గా తీసుకుంటారు.

(ఒక మహిళ: మన మీద కేసుందో లేదో తెలుసుకోవడం ఎలాగండీ?)

ఈ-కోర్ట్స్ యాప్ ఉందమ్మా, ఫోన్లో వేసుకోండి. జిల్లా, కోర్టు ఎంచుకుని పేరు కొడితే వస్తుంది. పేరు స్పెల్లింగు నాలుగు రకాలుగా కొట్టి చూడండి, మన ఇంటిపేర్లను ఇంగ్లీషులో ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. వకీలుకు ఇచ్చుకోలేనివాళ్లు 15100కు ఫోన్ చెయ్యండి, న్యాయసేవా సంస్థ నంబరు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ఇంకెవరైనా? ఆ చివర, నీలం చొక్కా ఆయన, మీరు ఇందాకట్నుంచి చెయ్యెత్తుతూ దించుతున్నారు. చెప్పండి.

(జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి: మా కొట్టు ఓనరు మీద ఏదో కేసటండి. నాకొచ్చింది ఇది. ఆయన్నడిగితే పట్టించుకోవద్దన్నారు.)

ఇలా పంపించండి ఒకసారి. కళ్లజోడు ఎక్కడ పెట్టానో. ఆఁ, రూల్ 46-ఎ. అద్దె ఎన్ని నెలలు బాకీ ఉన్నారు? మూడా? ఆయన దగ్గర మీ అడ్వాన్సు ఏమన్నా ఉందా? ఉంది కదా, అది కూడా చెప్పాలి, ముఖ్యం. ఓనరుకు ఈలోపు ఏమీ ఇవ్వలేదుగా? మంచిది, ఇవ్వకండి. వాయిదా తేదీ చూద్దాం. ఎల్లుండి. రేపు పొద్దున ఏడింటికి అగ్రిమెంటు కాగితం, అద్దె రసీదులు పట్టుకుని మా ఇంటికి రండి. పదిన్నరకు పిలుస్తారు, మనం పదింటికే వాకిట్లో ఉందాం.